ముక్క, పులుసు, ముద్ద

మైదుకూరు దగ్గర మా అవ్వ వాళ్ళ ఊళ్ళో పొట్టేలును కోసిన రోజు నాకొక పని అప్పజెప్పేవాళ్ళు. చింతపండు పిసకడం. నిమ్మకాయంత ఉండలు రెండు, ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు. గింజా పీచూ తీసేసి, చిక్కగా పిండి, ఆ గిన్నె పట్టుకుని పొయ్యి పక్కన నిలబడేవాణ్ణి. అవ్వ మాత్రం గిన్నె వంక చూసేది కాదు. సట్టి మూత తీసి, ఒక ముక్కను గంటెతో అంచుకు ఆనించి నొక్కేది. ముక్క నొక్కుకోకుండా జారిపోతే మూత పెట్టేసేది. "ఇంగా ఉడకల్లబ్బీ. ఇప్పుడే పులుసు పోస్తే ముక్క బిర్రబిగుసుకుంటాది" అనేది. గంటన్నరకో, పొట్టేలు ముదురుదైతే రెండు గంటలకో, ఎముకను అంటిపెట్టుకున్న కండ గంటె తగలగానే విడిపోయేది. అప్పుడు చెయ్యి చాపేది గిన్నె కోసం.

చాలా ఏళ్ళు అది రుచికి సంబంధించిన పట్టింపు అనుకున్నాను. మాంసం ఎలా ఉడుకుతుందో చదివాక తెలిసింది, అవ్వ చెప్పింది రసాయన శాస్త్రమని.

మాంసం అని ఒక్క మాటలో అనేస్తాం గాని, అది ఒక్క పదార్థం కాదు. నారలు నారలుగా కండ, ఆ నారలను కట్టలు కట్టి ఉంచే తెల్లటి పొరలు, మధ్యమధ్య కొవ్వు. ఆ తెల్లటి పొరల్లో ఉండే ప్రొటీను పేరు కొల్లాజెన్. తోలుకూ, కీళ్ళకూ, ఎముకకూ పట్టు ఇచ్చేది అదే. జంతువు ఎంత తిరిగితే, ఆ భాగం ఎంత పని చేస్తే, అక్కడ అది అంత గట్టిపడుతుంది. మా వైపు గొర్రెలు కట్టేసి మేపినవి కావు. పొద్దున్నే మందతో బయలుదేరి, బీళ్ళ వెంట, కోత కోసిన చేల వెంట, లంకమల కొండల వాలుల వెంట మైళ్ళకు మైళ్ళు నడిచి పొద్దు గూకేవేళకు దొడ్డికి చేరతాయి. ఒంటిమీద ఉన్ని లేని, పొడుగు కాళ్ళ నెల్లూరు జాతి గొర్రెలు మన దేశపు గొర్రెల్లో బాగా ఎత్తయిన వాటి కింద లెక్క. అంత నడిచిన కాలి కండను నిప్పుల మీద పది నిమిషాలు కాల్చి తినలేం. దానికి నీళ్ళు కావాలి, సన్నని సెగ కావాలి, పొద్దు కావాలి. ఎండిన నేలమీద బతికిన జంతువుకు పులుసే తగిన వంట.

కొల్లాజెన్ అణువు ఎలా ఉంటుందో ప్రపంచానికి చెప్పింది మన పక్కనున్న మద్రాసు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి, అది మూడు పేటలు పెనవేసిన తాడులాంటిదని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. తోలు పదును పెట్టడమంటే ఆ తాడు ఎన్నటికీ విడిపోకుండా బిగించడం. పులుసు వండడమంటే అదే తాడును విప్పడం. ఒకే పొట్టేలు, తోలు ఒక దారిన పోతుంది, మాంసం ఇంకో దారిన వస్తుంది.

ఈ తాడు విడిపోయే తీరు విచిత్రంగా ఉంటుంది. వేడి 60, 65 డిగ్రీలకు చేరేసరికి కొల్లాజెన్ ముందు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ తాను పట్టి ఉంచిన కండను పిండేస్తుంది. అందుకే మొదటి అరగంటలో ముక్క పచ్చిదాని కన్నా గట్టిగా అవుతుంది, సట్టిలోకి నీరు వదులుతుంది. కొత్తగా వంట నేర్చుకునేవాళ్ళు కంగారు పడేది ఇక్కడే. 70 డిగ్రీలు దాటిన వేడిలో అలాగే ఉంచితే మెల్లగా పేటలు విడిపోతాయి, ఒక్కొక్క పోగూ నీటిలోకి జారి జెలటిన్ అవుతుంది. మంట పెంచినంత మాత్రాన ఇది తొందరగా జరగదు. నీళ్ళు ఎంత తెర్లినా వంద డిగ్రీలు దాటవు కదా. కుక్కర్లో ఆవిరిని బిగబట్టడం వల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, సట్టిలో గంటన్నర పట్టే పని అరగంటలో ముగుస్తుంది.

ఇక పులుపు సంగతి. కోసి కొన్ని గంటలు ఉంచిన మాంసం పీహెచ్ ఐదున్నర దగ్గర ఉంటుంది. దానికి చింతపండు రసం కలిపితే అది ఐదు వైపు దిగుతుంది. సరిగ్గా ఆ ఐదు దగ్గరే కండ ప్రొటీన్లు నీటిని అతి తక్కువగా పట్టుకుంటాయి. వాటి మీది విద్యుదావేశాలు ఒకదాన్నొకటి సరిపెట్టుకుని, నారలు దగ్గరికి జరిగి, మధ్యలో ఉన్న నీటిని బయటికి నెట్టేస్తాయి. ముక్క బిర్రబిగుసుకుంటుంది. ఇంకా బాగా పుల్లగా, రాత్రంతా నానబెడితే కథ వేరు, అప్పుడు మళ్ళీ మెత్తబడుతుంది. కాని ఇంట్లో పోసుకునే పులుపు ఆ గట్టి చోటికే తెచ్చి ఆపుతుంది. కాబట్టి ముక్క మెత్తబడ్డాకే పులుసు పొయ్యాలి. అవ్వ పీహెచ్ కొలవలేదు. గంటెతో నొక్కి చూసింది.

మాంసాన్ని పుల్లని నీటిలో మెత్తబరచడం బెల్జియంలోనూ ఉంది, అక్కడ బీరుతో చేస్తారు. ఫ్లాండర్స్ ప్రాంతంలో కార్బొనాద్ అనే వంట ఉంది. గొడ్డు మాంసం ముక్కలను ముందు ఎర్రగా వేయిస్తారు, బోలెడన్ని ఉల్లిపాయలు మగ్గిస్తారు, ముదురు రంగు బీరు పోసి, మూత పెట్టి, రెండు మూడు గంటలు సన్నని సెగ మీద వదిలేస్తారు. ఆవాల ముద్ద పూసిన రొట్టె ముక్క పైన పెడితే అది కరిగి పులుసు చిక్కబడుతుంది. చదవగానే నాకు అది పరాయి వంటగా అనిపించలేదు. మన పులుసుకు దూరపు చుట్టమే. తిరిగిన జంతువు మాంసం, చవకగా దొరికే పుల్లని నీరు, తీరుబడిగా మండే పొయ్యి.

బీరులో ఏముంది? నూటికి తొంభై పాళ్ళకు మించి నీళ్ళే. నాలుగైదు పాళ్ళ ఆల్కహాలు. మొలకెత్తించిన బార్లీ నుంచి వచ్చిన కాస్త పిండిపదార్థం, చిన్న సీసాలో పది పన్నెండు గ్రాములు. హాప్స్ పూల చేదు. పీహెచ్ నాలుగూ నాలుగున్నర మధ్య, అంటే పుల్లనిదే. ఆల్కహాలు వండితే ఆవిరైపోతుందని అందరూ అంటారు గాని, అంత సులువుగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం గంటసేపు ఉడికించినా పోసినదాంట్లో పాతిక శాతం మిగులుతుంది, రెండున్నర గంటలు ఉడికిస్తే ఐదు శాతానికి వస్తుంది. పిల్లలకు, గర్భిణులకు పెట్టేవాళ్ళు ఈ లెక్క తెలుసుకోవాలి. ఆ వంటలో బలమిచ్చేది మాంసమే. బీరు ఇచ్చేది పులుపు, చేదు, గింజ తీపి.

గింజ తీపి అన్నాను. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తే, మొలక తన తిండి కోసం గింజలోని పిండిని చక్కెరగా మార్చుకునే ఎంజైములను తయారుచేస్తుంది. ఆ దశలో ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తే అదే మాల్టు. మాల్టు అనే మాట కడప, కర్నూలు జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. వేసవిలో బస్టాండు పక్కన తోపుడు బండి మీద స్టీలు డ్రమ్ములో ఉండేది రాగి మాల్టే. మొలకెత్తించడానికి రాగి చాలా అనువైన గింజ, ఈ విషయంలో బార్లీకి దీటైన పేరు తెచ్చుకుంది. సిక్కిం, నేపాల్ కొండల్లో రాగులతోనే తోంగ్బా అనే మద్యం చేస్తారు. మన దగ్గర అదే గింజ జావగా, అంబలిగా, సంగటిగా మిగిలింది. ఫ్లాండర్స్‌లో గింజ కుండలోకి దిగింది. రాయలసీమలో గింజ కుండ పక్కన ముద్దగా కూర్చుంది. కుండలోని పులుపు బాధ్యత చింతపండుకు వచ్చింది. చింతపండు గుజ్జులో టార్టారిక్ ఆమ్లం నూటికి పది పాళ్ళు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఇంత పులుపు ఉన్న పండ్లు అరుదు.

మా అవ్వ సట్టిలోకి ఏవేవి పోయేవో ఒకసారి చెప్పుకుందాం. శెనక్కాయ నూనె. ఎర్రగడ్డలు ధారాళంగా, ఎందుకంటే కర్నూలు మార్కెట్టు ఎర్రగడ్డలకు పెట్టింది పేరు. మైదుకూరు పసుపు ఇంటి పెరటిదే. అల్లం, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలు, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క, అన్నీ రోట్లో నూరినవి. చివర్లో వేయించి దంచిన శెనక్కాయల పొడి గుప్పెడు. వీటిలో మిరపకాయ, శెనక్కాయ రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల కాలం తర్వాత వచ్చినవి. రాగి, చింత రెండూ అంతకు ఎంతో ముందు ఆఫ్రికా నుంచి వచ్చినవి. మనది అని గుండెకు హత్తుకునే పళ్ళెంలో సగం ప్రపంచం ఉంది. ఇందులో నాకు చిన్నతనం కనిపించదు, గర్వమే.

రుచి పుట్టే చోటు మాత్రం ఎసరు పొయ్యకముందే ఉంది. ఉప్పు, పసుపు పట్టించిన ముక్కలను అవ్వ నీళ్ళు పొయ్యకుండా నూనెలో వేసి మూత పెట్టేది. ముక్కలు తమ నీరు తామే వదిలి, అందులోనే కుతకుతలాడేవి. ఆ నీరు ఉన్నంతసేపూ ఎంత మంట పెట్టినా వేడి వంద దాటదు. నీరు ఇగిరిపోగానే చప్పుడు మారుతుంది. కుతకుత పోయి చిటపట వస్తుంది, అంచుల్లో నూనె తేలుతుంది. అప్పుడు సట్టి అడుగున వేడి ఒక్కసారిగా 130, 140 డిగ్రీలకు పోతుంది, మాంసం ప్రొటీన్లూ ఎర్రగడ్డల చక్కెరలూ కలిసి ఎర్రబడతాయి. మైలార్డ్ చర్య అంటారు దీన్ని. కాల్చిన రొట్టె వాసనా, వేయించిన కాఫీ గింజ వాసనా ఇదే కుటుంబం. అవ్వ ఇంకో గదిలో ఉన్నా ఆ చప్పుడు మారడం విని లేచి వచ్చేది.

ఇంతదాకా వంట. ఇక తిండి లెక్క.

సట్టిలో ఇప్పుడు రెండు వేరు వేరు వస్తువులున్నాయి, ముక్కా పులుసూ. మూడోది పక్క పొయ్యి మీద ఉంది, ముద్ద. మనం మూడిటినీ కలిపి భోజనం అంటాం. శరీరానికి మాత్రం అవి మూడు వేరు వేరు వస్తువులు. ఒకటి చేసే పని ఇంకొకటి చెయ్యలేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ప్రపంచం పెద్ద మూల్యమే చెల్లించింది.

పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో పారిస్ ఆసుపత్రుల్లో, బీదల సత్రాల్లో ఎముకలు ఉడికించి తీసిన జెలటిన్ పులుసు పోసేవాళ్ళు. మాంసానికి బదులు మాంసం సారం, ఖర్చు తక్కువ, ఇదీ వాదన. తాగినవాళ్ళు మాత్రం చిక్కిపోయారు. దీన్ని తేల్చడానికి వేసిన సంఘం శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మజెందీ నాయకత్వంలో ఏళ్ళ తరబడి కుక్కల మీద పరీక్షలు చేసి, 1841లో తీర్పు చెప్పింది. జెలటిన్ ఒక్కదాని మీద ప్రాణం నిలవదు. కారణం ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గాని తెలియలేదు. మన శరీరం స్వయంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ జెలటిన్‌లో బొత్తిగా లేదు. ఇటుకలున్నాయి, సున్నం లేదు అన్నట్టు.

పులుసులో మంచి లేదని కాదు. పొటాషియం, నీటిలో కరిగే నియాసిన్ లాంటి విటమిన్లు, మాంసానికి ఆ కమ్మని రుచినిచ్చే ఇనోసినేటు అందులోకే దిగుతాయి. కాని ఇనుము? మాంసానికి ఎర్రరంగు ఇచ్చే మయోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము చాలావరకు ముక్కలోనే నిలుస్తుంది. ముక్క ప్రొటీన్లు వేడికి గడ్డకట్టి దాన్ని లోపలే పట్టి ఉంచుతాయి. అలాగే ఎముకల్లోని కాల్షియం. కాలు విరిగినవాళ్ళకు కాళ్ళ పులుసు పోస్తే ఎముక అతుక్కుంటుందని మా వైపు గట్టి నమ్మకం. ప్రేమతో కాచి పోసే పులుసును కాదనను, వేడిగా గొంతు దిగుతుంది, ఆకలి పుట్టిస్తుంది. కాని ఎముక తన కాల్షియాన్ని అంత తేలిగ్గా నీటికి ఇవ్వదు. గంటల తరబడి ఉడికించిన పులుసులో కూడా అది కొద్దిపాటే. కాల్షియం కావాలంటే పక్క పొయ్యి వైపు చూడాలి.

పక్క పొయ్యి మీద ఎసట్లో నూకలు ఉడుకుతుంటాయి. మెత్తబడ్డాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, మూత పెట్టి మంట తగ్గిస్తారు. పిండి అడుగు నుంచి పైకి ఆవిరి పట్టేదాకా ఆగాలి. తొందరపడి కలిపితే గడ్డలు కడుతుంది, గడ్డ మధ్యలో పచ్చిపిండి మిగిలిపోతుంది. రాగిలో గోధుమలో ఉండే జిగట ప్రొటీను లేదు. ముద్దను ముద్దగా నిలిపేది ఉడికి ఉబ్బిన పిండిపదార్థం ఒక్కటే. ఆ తర్వాత గిన్నెను రెండు పాదాలతో అదిమి పట్టి, కట్టెతో గిరగిరా కెలకాలి. మా చిన్నమ్మ భుజాల బలం అంతా సంగటి కట్టె ఇచ్చిందే. తడి చేత్తో ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి పులుసు పోస్తే, చుట్టూ ఎర్రటి నూనె వలయం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. అంతే తూకం పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాముల దాకా. రోజుకు పెద్దవాళ్ళకు కావలసింది వెయ్యి. అయితే రాగి పైపొరలో ఫైటేట్లు, ఎర్రరంగు టానిన్లు ఉంటాయి. అవి కాల్షియాన్నీ ఇనుమునూ కొంత పట్టేసుకుంటాయి, పట్టికలో ఉన్నదంతా మనకు దక్కదు. మొలకెత్తిస్తే, అంబలిగా పులియబెడితే ఆ పట్టు సడలుతుంది. షుగరుకు రాగి మందు అనే మాట కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. మెత్తటి పిండితో కాచిన జావ రక్తంలో చక్కెరను వేగంగానే పెంచగలదు. గట్టి ముద్ద, పక్కన పప్పో కూరో మాంసమో, తిన్న పరిమాణం, ఇవన్నీ కలిస్తేనే లెక్క.

ఇప్పుడు పళ్ళెం తూచుదాం. ఆరుగురున్న ఇంట్లో ఎముకతో కలిపి అరకిలో మాంసం. ఎముక పోగా మనిషికి అరవై గ్రాములు వస్తుందనుకుంటే, అందులో ప్రొటీను పదకొండు పన్నెండు గ్రాములు. వంద గ్రాముల రాగిపిండి, నలభై గ్రాముల నూకలతో చేసిన ముద్ద ఇంకో పది. శెనక్కాయల పొడి రెండు మూడు. మొత్తం ఒక్క పూటకు పాతిక గ్రాములకు దగ్గర. 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం మగవాళ్ళకు రోజుకు కావలసింది 54, ఆడవాళ్ళకు 46. ఇంత తక్కువ మాంసంతో ఒక్క పూటలో సగం లెక్క తీరిపోవడం చిన్న విషయం కాదు. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. మాంసంతో కలిపి తిన్నప్పుడు గింజలోని ఇనుము కూడా ఎక్కువగా ఒంటికి పడుతుంది. అంటే ముక్క తన ఇనుము తాను ఇవ్వడమే కాక, రాగిలో చిక్కుకున్న ఇనుమును కూడా విడిపిస్తుంది. విటమిన్ బి12 సంగతి సరేసరి, గింజలో అది లేనే లేదు. ముద్దకు ముక్క ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది.

కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు అన్న సంగతి మా జిల్లాలు కరువులో నేర్చుకున్నాయి. 1876లో వానలు మొహం చాటేశాయి. మద్రాసు రాజధానిలో ఘోరంగా దెబ్బతిన్న వాటిలో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. కరువు పనులకు వచ్చి మట్టి మోసి రాళ్ళు కొట్టేవాళ్ళకు ఎంత పెట్టాలన్నది ప్రశ్న. 1877 జనవరిలో ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఒక పౌనంటే 454 గ్రాములు. బియ్యమైతే దాదాపు 1,550 క్యాలరీలు, ముప్పై గ్రాముల ప్రొటీను. రోజంతా గడ్డపార పట్టే మనిషికి అది సగం తిండి. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఎదురు తిరిగాడు. పౌనున్నర ధాన్యం ఉండాలి, దాంతో పాటు కూరగాయలు, ప్రొటీను ఉన్న తిండి ఉండాలి అని శిబిరాల్లో చిక్కి శల్యమైన మనుషులను చూపించి వాదించాడు. మార్చిలో కొలత పౌనుంబావుకు పెరిగింది, దానికి తోడు ఔన్సున్నర పప్పు వచ్చింది. ఒక ఔన్సున్నర, నలభై మూడు గ్రాములు. ఆ పప్పు గింజల కోసం ఎంతమంది ఎముకల గూళ్ళు సాక్ష్యం చెప్పవలసి వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. విటమిన్ అనే మాటే పుట్టని రోజుల్లో, తిండి అంటే బరువు మాత్రమే కాదని ఒక వైద్యుడు ప్రభుత్వంతో పోట్లాడింది మా ఊళ్ళ మనుషుల కోసం.

ఇంకో యాభై ఏళ్ళకు బీరు మళ్ళీ కథలోకి వచ్చింది, ఈసారి రోగం కుదర్చడానికి. 1928లో లూసీ విల్స్ అనే వైద్యురాలు ఇంగ్లండు నుంచి బొంబాయికి వచ్చింది. అక్కడ గర్భిణులైన పేద స్త్రీలు ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ళు తినే తిండిని పట్టి చూసింది. రకరకాల తిండి పదార్థాలు పరీక్షించింది. చివరకు పని చేసింది మార్మైట్. అది బీరు కాచిన తొట్టి అడుగున మిగిలే ఈస్టుతో చేసే చవకైన నల్లటి ముద్ద. 1931లో ఆ ఫలితం ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ గుణకారి ఏమిటో తెలియక చాలాకాలం దాన్ని విల్స్ పదార్థం అన్నారు. అదే తర్వాత ఫోలిక్ యాసిడ్ అయింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. బీరు ఈస్టు దగ్గర మొదలైన దారి ఒక తెలుగువాడి చేతిలో మాత్రగా మారింది. ఇవాళ అంగన్వాడీ కేంద్రంలో, ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణికి ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే. సట్టిలో దానికి దగ్గరి చుట్టం వెతకాలంటే కార్జం. ఫోలేటు, ఇనుము, బి12 మూడూ ఒకేచోట గుమిగూడి ఉండే ముక్క అది. విటమిన్ ఏ మరీ ఎక్కువ కాబట్టి గర్భిణులు కొద్దిగానే తినాలి, అంతే.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. కారణాలు చాలా ఉన్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట పొలాల్లో రాగీ కొర్రా సజ్జా పక్కకు జరిగాయి. ఆ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కాని ముద్ద పోయిన చోట బియ్యం వచ్చి కాల్షియంతో పాటు ఇనుమూ లోటైంది. ఇంకో కారణం ఏ సర్వేకూ అందదు. అది మా వంటింట్లోనే నా కళ్ళ ముందు జరిగింది. ముందు మగవాళ్ళు కూర్చునేవాళ్ళు. తర్వాత పిల్లలం. సట్టి అడుగుకు వచ్చేసరికి ముక్కలు ఉండేవి కావు, పులుసు ఉండేది. అవ్వ, చిన్నమ్మ సంగటిలో ఆ పులుసు పోసుకుని తిని "కూర భలే కుదిరింది" అనుకునేవాళ్ళు. ఇనుమంతా ముక్కతో పాటు ముందు పంక్తిలోనే లేచిపోయేది. వాళ్ళకు మిగిలింది జెలటిన్, కారం, పులుపు. పారిస్ సత్రాల్లో బీదలకు పోసిన పులుసుకూ దీనికీ పెద్ద తేడా లేదని ఇప్పుడు తెలిసి, ఆ పంక్తిలో ముందు కూర్చుని తిన్న రోజులు గుర్తొస్తే మనసు మెలిపెడుతుంది.

ఒక కనుమ రాత్రి మాత్రం బాగా గుర్తుంది. చిన్నమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అందరి భోజనాలయ్యాక అవ్వ మిగిలిన పులుసును మళ్ళీ ఒకసారి బాగా తెర్లించి, మూత పెట్టి, వంటింట్లో కడపబండ గట్టు మీద పెట్టింది. జనవరి చలికి ఆ నల్లబండ చెయ్యి పెడితే జివ్వుమనేది. పొద్దున్నే లేచి నేను మూత తీస్తే పులుసు పులుసులా లేదు. గడ్డకట్టి, గంటెతో తాకితే వణుకుతోంది, పైన తెల్లటి కొవ్వు పొర. రాత్రి విడిపోయిన పోగులు చలికి మళ్ళీ ఒకదాన్నొకటి వెతికి పట్టుకున్నాయని నాకు అప్పుడు తెలియదు. "చెడిపోయింది అవ్వా" అన్నాను. అవ్వ నవ్వి, ఆ గడ్డలోకి గంటె దించి అడుగు నుంచి రెండు కార్జం ముక్కలు పైకి తీసింది. రాత్రి పంక్తులు కూర్చోకముందే వాటిని అడుగుకు దాచిపెట్టింది. పొయ్యి రాజేసి, ఆ రెండు ముక్కలూ గిన్నెడు పులుసుతో బాగా కాగబెట్టి, సద్ది సంగటి పక్కన పెట్టి చిన్నమ్మను కేకేసింది. చిన్నమ్మ తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, ఖాళీ సట్టి అంచులను సంగటి ముక్కతో తుడుచుకుని తింది.